పొయ్యిలు, చెప్పు మేకులు: రోమన్ సైన్యం వదిలిన ఆనవాళ్లు

శత్రువుల నేల మీద రోజంతా నడిచి ఎంత అలసిపోయినా, రోమన్ సైనికులు కందకం తవ్వనిదే పడుకునేవారు కాదు. చుట్టూ కందకం, ఆ మట్టితోనే లోపలి వైపు కట్ట, కట్ట మీద కొయ్యలు. లోపల ఎనిమిది మందికి ఒకటి చొప్పున తోలు గుడారాలు. పని అయిపోగానే అన్నీ మూటకట్టుకుని వెళ్లిపోయేవారు. గోడలూ పునాదులూ లేని ఈ విడిదిని ఇప్పుడు వెతికి పట్టుకోవాలి!

దారి చూపేది పైరే. పూడిపోయిన కందకంలో మట్టి లోతు ఎక్కువ, తేమ ఎక్కువ. వానలు లేని ఏడాది చేనంతా పసుపుబారినా, కందకం మేర పైరు పచ్చగా, ఏపుగా నిలుస్తుంది. గట్టు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. విమానం నుంచి చూస్తే మాత్రం పేకముక్కలా మూలలు గుండ్రంగా ఉన్న ఆకారం కనిపిస్తుంది. కేంబ్రిడ్జ్‌కు చెందిన జె.కె. సెయింట్ జోసెఫ్ రెండో ప్రపంచయుద్ధం తర్వాత దశాబ్దాల పాటు బ్రిటన్ మీద ఎగురుతూ ఇలాంటి ఎన్నో శిబిరాలను ఫొటో తీశారు.

కానీ అక్కడ మనుషులు ఎలా బతికారో పైనుంచి తెలియదు, తవ్వాల్సిందే. స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గరి కింటోర్ శిబిరంలో వందకు పైగా పొయ్యిలు బయటపడ్డాయి. నేలలో గుంట తీసి మంట వేయడం, బూడిదను పక్క గుంటలోకి లాగడం, అంతే వాటి నిర్మాణం. సైనికులకు ఇచ్చేది పిండి కాదు, గింజలు. గుడారానికో తిరగలి ఉండేది. విసురుకుని రొట్టెలు కాల్చుకోవాలి. కొన్ని పొయ్యిలను మళ్లీ మళ్లీ వాడారు. అంటే సైన్యం అక్కడ ఒక్క రాత్రితో సరిపెట్టలేదు. యుద్ధాల గురించి రాసిన రోమన్ చరిత్రకారులు ఈ వంటల ఊసే పెద్దగా ఎత్తరు. అందుకే నాకు ఈ బూడిద గుంటలంటే అంత విలువ.

జర్మనీలోని హెర్మెస్‌కైల్‌లో ఆధారం ఇంకా చిన్నది. శిబిరం గుమ్మం దగ్గర పరిచిన రాళ్ల సందుల్లో సైనికుల చెప్పుల నుంచి ఊడిపడ్డ ఇనుప మేకులు దొరికాయి. తల కింది వైపు శిలువ గుర్తు, దాని చుట్టూ చుక్కలు. ఆ తరహా మేకులు జూలియస్ సీజర్ కాలానివి. ఐదు కిలోమీటర్ల దూరంలోనే స్థానిక ట్రెవెరీ తెగవారి పెద్ద కోట ఉంది. క్రీ.పూ. 1వ శతాబ్దం మధ్యలో, సరిగ్గా సీజర్ గాల్ దేశం (నేటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల ప్రాంతం) మీద దండెత్తిన రోజుల్లోనే, అది ఖాళీ అయిపోయింది.