పిల్లలు పుట్టాలని టెస్టోస్టెరాన్ ఇంజెక్షనా? ఆగండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తక్కువైతే పిల్లలు పుట్టరు, దాని ఇంజెక్షన్ వేయించుకుంటే స్పెర్మ్ (వీర్యకణాల) కౌంట్ పెరుగుతుంది.

కర్నూలులో నా ఓపీలో ఈ మాట వినని వారం లేదు. పెరగదండీ, పడిపోతుంది. హార్మోన్ బయటి నుంచి వస్తుంటే మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఇక చాల్లే అనుకుని, వృషణాలను నడిపించే హార్మోన్లయిన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది, అవి రాకపోతే వృషణాలు పని మానేస్తాయి. రక్తంలో టెస్టోస్టెరాన్ లెవెల్ 700 అని బాగానే చూపిస్తుంది సరే, కానీ స్పెర్మ్ తయారవ్వాలంటే వృషణం లోపల అంతకు ఎన్నో రెట్లు ఉండాలి, అది బయటి నుంచి వేసే టెస్టోస్టెరాన్‌తో రాదు. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందునే మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందా అని పరీక్షించింది, ఇంకేం చెప్పాలి?

ఆదోని వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఆమె ఫైలు లావుగా ఉంది, ట్యూబ్ టెస్టు, స్కానింగులు, నెలనెలా మాత్రలు, మధ్యలో మహానంది మొక్కు కూడా అయింది. ఆయనకు మాత్రం అప్పటిదాకా ఒక్క టెస్టూ చేయలేదు! చేయిస్తే కౌంట్ నిల్, ఎల్‌హెచ్ 0.1. మందులేమైనా వాడుతున్నావా నాయనా అంటే కాసేపు నసిగి, ఫోన్ తీసి టెస్టోస్టెరాన్ ఆంపుల్ ఫొటో చూపించాడు. "జిమ్ములో చెప్తే బలానికని ఏసుకుంటాండా సార్, దీనికీ పిల్లోళ్లకీ ఏం సంబంధం?" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు, ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది. అన్నాళ్లూ గొడ్రాలన్న మాట పడింది ఆమె కదా.

భయపడకండి, చాలామందికి ఆపాక ఆరు నెలల నుంచి ఏడాదిలో కౌంట్ తిరిగొస్తుంది, కొందరికి రెండేళ్లు పడుతుంది, ఏళ్ల తరబడి వాడినవాళ్లకు మాత్రం గ్యారంటీ ఇవ్వలేం. హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటి, వృషణాలను తిరిగి పనిచేయించే మందులున్నాయి, కానీ డాక్టర్ చూసి ఇవ్వాలి, జిమ్ అన్న కాదు. పిట్యూటరీ ఆపరేషన్ అయినవాళ్లు, క్లైన్‌ఫెల్టర్ (పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువ) ఉన్నవాళ్లు ఇది చదివి హడావిడిగా మందు మానేయొద్దు, మీకది అవసరం. పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పండి, దారి వేరే ఉంటుంది.

అపోహ: ఈస్ట్రోజన్ ఆడవాళ్లది, దాన్ని సున్నా చేసేయాలి.

మగవాళ్ల ఎముకలకూ కోరికకూ అది కావాలి. టెస్టోస్టెరాన్‌లో కొంత కొవ్వు దగ్గర ఈస్ట్రోజన్‌గా మారడం మామూలే. రిపోర్టులో కొంచెం ఎక్కువ కనిపించిందని ఈస్ట్రోజన్ తగ్గించే అనాస్ట్రోజోల్ మింగేసి, తర్వాత కీళ్లు నొప్పులని వస్తారు. రొమ్ము వాపు, నొప్పి ఉంటే అప్పుడు చూద్దాం, ముందు డోసు సరిచేద్దాం.

అపోహ: ఒక్క టెస్టులో తక్కువొస్తే ఇంజెక్షనే.

సాయంత్రం టిఫిన్ తిని ఇచ్చిన శాంపిల్‌తో ఏమీ తేలదు. ఉదయం ఏడు నుంచి పది లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయించాలి. పొట్ట, షుగర్ ఉన్నవాళ్లకు ఎస్‌హెచ్‌బీజీ (రక్తంలో టెస్టోస్టెరాన్‌ను మోసే ప్రోటీన్) తగ్గి టోటల్ టెస్టోస్టెరాన్ తక్కువ కనిపిస్తుంది, వీళ్లలో కొందరికి బరువు తగ్గితేనే లెవెల్ పెరుగుతుంది.

అపోహ: మొదలుపెట్టాక ఇక టెస్టులక్కర్లేదు.

పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్త పరీక్ష) చూడాలి, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) తప్పకుండా చూడాలి. 54 శాతం దాటితే మందు ఆపి, కారణం వెతకాలి, గురక ఉందా, సిగరెట్ ఉందా అని. హిమోగ్లోబిన్ 18 చూసి ఒంట్లో రక్తం బాగా పట్టిందని మురిసిపోయేవాళ్లున్నారు, అది చిక్కబడిన రక్తం బాబూ.