బస్టర్ కీటన్‌ను దెబ్బతీసింది టాకీలు కాదు

మూకీల నాటి హాస్యనటుల ప్రస్తావన వస్తే చాలు, మాటలు రావడంతో వాళ్ల పని అయిపోయిందని అనేస్తారు. బస్టర్ కీటన్ విషయంలో అది నిజం కాదు. అమ్మానాన్నలతో పాటు చిన్ననాటి నుంచే రంగస్థలం మీద పెరిగిన ఆయనకు గొంతు అడ్డు కాలేదు. హాలీవుడ్ పెద్ద స్టూడియో ఎం.జి.ఎం. సంస్థలో చేసిన టాకీలు లాభాలే తెచ్చాయి. కొన్నింటిని విదేశీ భాషల్లోనూ తీస్తే, రాని భాషల సంభాషణలను బట్టీపట్టి చెప్పాడు. అసలు దెబ్బ 1928లో ఆ సంస్థతో కుదిరిన ఒప్పందంతోనే తగిలింది.

1917లో హాస్యనటుడు రాస్కో ఆర్బకల్ పక్కన సినిమాల్లోకి వచ్చిన కీటన్, 1920 నుంచి నిర్మాత జోసెఫ్ షెంక్ పెట్టుబడితో సొంత బృందాన్ని నడిపాడు. షెంక్ ఆయనకు తోడల్లుడు కూడా. స్టూడియోకు కీటన్ పేరే ఉన్నా యాజమాన్యం ఆయనది కాదు. తోటి హాస్యనటులు చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ తమ సినిమాలను తమ చేతుల్లో ఉంచుకున్నారు. కీటన్‌కు లెక్కల మీద ధ్యాస లేదు, తీయడమే లోకం.

ఆ తీయడం కూడా వేరే తరహా. కథకు మొదలూ ముగింపూ అనుకునేవారు, నడుమ భాగం షూటింగ్‌లోనే పుట్టేది. ఆలోచన తట్టకపోతే అందరూ కలిసి బేస్‌బాల్ ఆడేవారు. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో తుపానుకు ఇంటి ముందుగోడ మొత్తం ఆయన మీద కూలుతుంది. సరిగ్గా పైఅంతస్తు కిటికీ ఖాళీ వచ్చి పడే చోట నిలబడి ఉండటం వల్ల బతుకుతాడు. అది నిజమైన బరువున్న గోడ. అడుగు అటూ ఇటూ అయితే ప్రాణమే పోయేది. ముఖంలో మాత్రం చలనం ఉండదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరి ఆగుతుంది.

1926లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో తీసిన 'ది జనరల్' కోసం నిజమైన రైలింజన్‌ను వంతెన మీద నుంచి నదిలోకి పడేశారు. అంత ఖర్చు పెట్టిన సినిమాను ప్రేక్షకులూ విమర్శకులూ ఆదరించలేదు. చివరకు షెంక్ ఆయనను ఎం.జి.ఎం.కు అప్పగించాడు. వద్దని చాప్లిన్ హెచ్చరించినా కీటన్ వెళ్లాడు. తన జీవితంలో అదే అతి పెద్ద పొరపాటని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

అక్కడ ముందుగా స్క్రిప్టు కావాలి, ప్రతిదానికీ పైవారి అనుమతి కావాలి. తొలి చిత్రం 'ది కెమెరామన్' బాగానే వచ్చింది. ఆపైన తన సినిమాల్లో తన మాటే చెల్లలేదు. తాగుడు ముదిరింది. 1932లో విడాకులు, 1933లో ఉద్యోగం నుంచి తొలగింపు. కొన్నేళ్లకు అదే సంస్థలో కొద్దిపాటి జీతానికి ఇతరుల సినిమాలకు హాస్య సన్నివేశాలు అల్లే పనిలో చేరాడు.

1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ 'లైఫ్' పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన వ్యాసంతో జనం మళ్లీ ఆయన వైపు చూశారు. 1960లో గౌరవ ఆస్కార్ దక్కింది. 1966లో కన్నుమూశాడు. అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాకు 1989లో ఎంపిక చేసిన తొలి 25 చిత్రాల్లో, నాడు ఆయన స్వేచ్ఛకు ఎసరు పెట్టిన 'ది జనరల్' ఒకటి.