ఒక్క ఎకోతో తేలిపోని జబ్బు: హెచ్‌సీఎంపై అపోహలు, వాస్తవాలు

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, వాడుకలో హెచ్‌సీఎం. బీపీ లాంటి కారణమేదీ లేకుండానే గుండె ఎడమ గది గోడ దళసరి అవుతుంది. దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. పెద్దవాళ్లలో గోడ మందం 15 మి.మీ. ఉంటే అనుమానిస్తాం. ఇంట్లో ఒకరికి తేలాక, వాళ్ల తోబుట్టువులకూ పిల్లలకూ 13 ఉన్నా వదిలిపెట్టం.

అపోహ: ఆంజియోలో బ్లాకులు లేవు, కాబట్టి గుండె బాగానే ఉంది.

ఆంజియోలో కనిపించేవి రక్తనాళాలు. ఇక్కడ తేడా కండరంలో ఉంది.

అపోహ: ఎకోలో అడ్డంకి లేదని రాశారు, ఇక ఫర్వాలేదు.

ఆ ఎకో ఎలా తీశారన్నది ముందు అడగండి. ఈ జబ్బులో అడ్డంకి ఎప్పుడూ ఒకేలా ఉండదు. గుండె గట్టిగా ముడుచుకున్నప్పుడు మైట్రల్ కవాటం రెక్క ముందుకు లాక్కుపోయి మందమైన గోడకు తగులుతుంది, రక్తం బయటికెళ్లే దారి ఇరుకవుతుంది. ఈ ఇరుకుకు రెండు వైపులా రక్తపు ఒత్తిడిలో ఉండే తేడాను గ్రేడియంట్ అంటాం, మి.మీ. పాదరసంలో కొలుస్తాం. పడుకున్నప్పుడు అది 15 ఉన్న మనిషికే లేచి నిలబడితే 60 దాటొచ్చు. అందుకే ముక్కు మూసి, నోరు బిగించి పదీ పదిహేను సెకన్లు ముక్కించి చూస్తాం, తర్వాత నిలబెట్టి చూస్తాం. అప్పటికీ తేలకపోతే ట్రెడ్‌మిల్ ఎక్కించి, దిగీ దిగగానే కొలుస్తాం. 30 దాటితే అడ్డంకి ఉన్నట్టే. మందులు వాడుతున్నా ఆయాసం తగ్గక, 50 దాటితే ఆపరేషన్ లాంటివి ఆలోచిస్తాం.

పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కవాటం లీకేజీ ధార పక్కనే ఉంటుంది కాబట్టి రక్తం పరుగు వేగాన్ని గీతగా చూపే డాప్లర్‌లో దాన్నే అడ్డంకి అనుకుని కొలిచేస్తారు, అంకె అమాంతం పెరిగిపోతుంది. అసలు అడ్డంకి గీత చివర్లో పదునుదేలి, బాకులా వంగి ఉంటుంది. లీకేజీ గీత ముందే మొదలై గుండ్రంగా సాగుతుంది.

అపోహ: ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టుకోవచ్చు.

అడ్డంకి ఉన్నవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది. నాళాలు సడలి, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, గది చిన్నదై దారి ఇంకా మూసుకుపోతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఒంట్లో నీరు తీసే మాత్రలు ఎక్కువైనా ఇదే తంతు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా 'హెచ్‌సీఎం, అడ్డంకి ఉంది' అన్న మాట ముందే చెప్పాలి.

అపోహ: జీన్ టెస్ట్ నెగటివ్, కాబట్టి పిల్లలకు భయం లేదు.

టెస్ట్ మొదట చేయాల్సింది జబ్బు ఉన్న మనిషికి. ఎక్కువగా దొరికేవి ఎంవైబీపీసీ3, ఎంవైహెచ్7 జీన్లలో లోపాలు. చాలామందిలో ఏమీ దొరకదు. అప్పుడు ఇంట్లోవాళ్లకు ఈసీజీ, ఎకో కొనసాగించాల్సిందే. కచ్చితమైన లోపం దొరికితే, కొడుకైనా కూతురైనా ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం 50 శాతం. అది రానివాళ్లకు ఇక పదే పదే పరీక్షలు అక్కర్లేదు. రిపోర్టులో 'అర్థం తేలని మార్పు' అని ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని ఎవరినీ పరీక్షల నుంచి తప్పించకూడదు.

అపోహ: పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు ఎకో తీయించాం, నార్మల్.

గోడ యుక్తవయసులో వేగంగా పెరగొచ్చు, నడివయసులోనూ బయటపడొచ్చు. పిల్లలకు ఏడాది రెండేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి చూడాలి.

అపోహ: ఒళ్లు అలసిపోయే పనేదీ చేయకూడదు.

పాత మాట. తేలికపాటి, ఓ మోస్తరు వ్యాయామం మేలే చేస్తుంది. పోటీ ఆటల సంగతి మాత్రం పరీక్షలన్నీ చూశాకే.

అపోహ: కొత్త మాత్ర ఉండగా ఆపరేషన్ ఎందుకు?

ఆ మాత్ర పేరు మావాకామ్‌టెన్. దానికి అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. గుండె ముడుచుకునే జోరును తగ్గిస్తుంది, అందుకే అడ్డంకి తగ్గుతుంది. అదే జోరు మరీ తగ్గితే ముప్పు. తరచూ ఎకో తీస్తూ, ఈఎఫ్, అంటే ఒక్కో ముడుపుకు ఎడమ గది బయటికి నెట్టే రక్తం, 50 శాతం కంటే దిగితే మందు ఆపేస్తాం. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర కూడా రక్తంలో దీని పాళ్లు పెంచుతుంది. గర్భిణులకు ఇవ్వం. మందులకు లొంగనివాళ్లకు గోడ చెక్కే మయెక్టమీ ఆపరేషన్, లేదా ఆ గోడను పలుచన చేసేందుకు దానికి రక్తమిచ్చే చిన్న ధమనిలోకి ఒకటి నుంచి మూడు మి.లీ. ఆల్కహాల్ పంపే పద్ధతి ఉన్నాయి.

అపోహ: గుండె లయ తప్పింది గానీ స్ట్రోక్ ముప్పును లెక్కగట్టే స్కోరు సున్నా, రక్తం పలుచన చేసే మందు వద్దు.

ఆ స్కోరు హెచ్‌సీఎం ఉన్నవాళ్లకు వర్తించదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం ఉంటే, స్కోరెంతున్నా ఆ మందు ఇస్తాం.