నీళ్లు దిగాలంటే గాలి దూరాలి: కంప్యూటర్ వాటర్ కూలింగ్‌కు డ్రెయిన్ వాల్వు

కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ పెట్టుకునేవాళ్లు బ్లాకులు (చిప్పుల మీద కూర్చుని వేడిని నీళ్లకు అందించే లోహపు ముక్కలు), రేడియేటర్ల ఎంపికలో చూపే శ్రద్ధ ఆ నీళ్లను మళ్లీ బయటికి ఎలా తియ్యాలన్న దాని మీద చూపరు. కూలెంట్ (లోపల తిరిగే ద్రవం) మార్చాల్సిన రోజు వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు పక్కనే ఉన్న ట్యూబు ఊడదీసి, కింద తువ్వాలు పరిచి, చుక్క పడకుండా చూసుకోవాల్సి వస్తుంది. ఒక టీ (మూడు నోళ్ల ఫిట్టింగ్), ఒక బాల్ వాల్వు (పిడి తిప్పితే లోపలి బంతి తిరిగి తెరుచుకునే కుళాయి), ఒక ప్లగ్గు (బిరడా) ముందే అమర్చుకుంటే ఈ అవస్థ ఉండదు.

కేసు అడుగున డీ5 రకం పంపు, దాని మీదే రిజర్వాయర్ (నీళ్ల తొట్టి), ముందువైపు 360 మి.మీ. రేడియేటర్ ఉన్న మామూలు మిడ్ టవర్‌ (మధ్యస్థ సైజు కేసు)ను తీసుకుందాం. ఇందులో సాధారణంగా అన్నిటికన్నా కింద ఉండేది పంపు నీళ్లు బయటికి తోసే రంధ్రం. అయినా టేపు పెట్టి కొలిచి చూసుకోండి, రేడియేటర్ రంధ్రాలు కిందివైపు ఉంటే అవే ఇంకా కింద ఉండొచ్చు. టీ ఒక నోరు పంపుకు, రెండోది పైకి వెళ్లే ట్యూబుకు, మూడోది నేలవైపుకు చూడాలి. మూడో నోరు పైకి తిరిగి ఉంటే అక్కడ గాలి బుడగ ఇరుక్కుని కూర్చుంటుంది.

ఆ మూడో నోటికి రెండువైపులా బయటి మర ఉన్న రోటరీ అడాప్టర్ (బిగించాక కూడా తిరిగే జాయింటు), దానికి లోపలి మర ఉన్న బాల్ వాల్వు, వాల్వు చివర ప్లగ్గు. రోటరీ ఎందుకంటే, మర పూర్తిగా బిగిసేసరికి వాల్వు పిడి ఎటు తిరిగి ఆగుతుందో మన చేతిలో ఉండదు. కేసు గోడకు ఆనుకుపోతే ఆ పిడి తిప్పలేం. రోటరీలో అదనంగా ఓ-రింగులు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగులు) ఉంటాయి కాబట్టి లీకుకు మరో చోటు పెరిగినట్టే, కానీ ఆ సౌకర్యానికి అది చెల్లించదగ్గ ధరే. ఇవిగాక నీళ్లు తీసేటప్పుడు వాడేందుకు ఒక బార్బ్ ఫిట్టింగ్ (ట్యూబు తొడిగే గాట్ల మూతి), మీటరున్నర మెత్తటి ట్యూబు విడిగా దాచుకోవాలి.

మర విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. కంప్యూటర్ కూలింగ్ సామాను దాదాపు అంతా జీ 1/4 అనే కొలత మర: బయటి వ్యాసం 13.157 మి.మీ., అంగుళానికి 19 చుట్లు, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. నీళ్లను ఆపేది మర కాదు, దాని మొదట్లో ఉండే ఓ-రింగు. అందుకే టెఫ్లాన్ టేపు ఇక్కడ అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో పావు అంగుళం వాల్వు అని అడిగితే చివర సన్నబడే మర ఉన్నది ఇవ్వొచ్చు. అది రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. ఇంకాస్త తిప్పితే మేకు దిగినట్టు పక్కలకు ఒత్తి, పంపు మీది అక్రిలిక్‌ను పగలగొడుతుంది. అమెరికన్ ఎన్‌పీటీ మరకైతే అంగుళానికి 18 చుట్లే, అసలు కుదరదు. లోహం ఇత్తడో, నికెల్ పూత వేసిన ఇత్తడో అయ్యుండాలి. రాగి బ్లాకులున్న లూపులో (నీళ్లు తిరిగే దారిలో) అల్యూమినియం ఫిట్టింగ్ ఒక్కటి పెట్టినా అది తినేసుకుపోతుంది.

ఓ-రింగును కూలెంట్‌తోనో, చిటికెడు సిలికాన్ గ్రీజుతోనో తడిపి చేత్తోనే బిగించండి. వాజలైన్ వద్దు, ఓ-రింగుల్లో వాడే ఈపీడీఎం రకం రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. ఇత్తడి ముక్కలన్నీ కలిస్తే బరువు బాగానే ఉంటుంది. అంత బరువూ అక్రిలిక్ రంధ్రానికి వేలాడకుండా కేసు అడుగుకో గోడకో ఒక ఊత ఇవ్వాలి.

ఇక నీళ్లు తీయడం. పవర్ సప్లై ఆపి ప్లగ్గు పీకాక ట్యూబు తగిలించి వాల్వు తెరిస్తే, నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. వాల్వు చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల ఎత్తు నీటిని మోయగలదు, మన కేసేమో అర మీటరు. రిజర్వాయర్ మూత తీసి పైనుంచి గాలి రానిస్తే తప్ప నీళ్లు కదలవు. మూత తీయగానే ధార మొదలవుతుంది. ట్యూబు చివరను టేబుల్ మీది గిన్నెలో కాకుండా నేల మీది బకెట్‌లో వదలండి. ఎత్తు తేడా 30 సెం.మీ. నుంచి 105కి పెరిగితే, వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ట్యూబులోని రాపిడిని పక్కనపెట్టి లెక్కేస్తే ధార 1.9 రెట్లవుతుంది.

ధార ఆగాక కూడా లోపల నీళ్లుంటాయి. రంధ్రాలు పైకి ఉన్న రేడియేటర్ అడుగు తొట్టిలో, గ్రాఫిక్స్ కార్డు బ్లాకు మూలల్లో నిలిచిపోతాయి. కేసును మెల్లగా ముందుకు, పక్కకు వాలిస్తే మరికొంత దిగుతుంది. 10 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబులో మీటరుకు 78 మి.లీ. పడుతుంది. ట్యూబుల లెక్కకు రిజర్వాయర్, రేడియేటర్ల కొలత కలిపి, దిగిన నీటితో పోల్చుకుంటే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది.

నింపడానికీ ఇదే వాల్వు పనికొస్తుంది, నిజానికి ఇదే మంచి దారి. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్‌ను (బోరు నీళ్లు మాత్రం వద్దు, ఉప్పులు బ్లాకు సందుల్లో పేరుకుంటాయి) ఒక సీసాలో పోసి, దాన్ని రిజర్వాయర్ కన్నా ఎత్తులో పట్టి, కింది వాల్వు గుండా వదలాలి. నీళ్లు కిందనుంచి ఎక్కుతూ గాలిని తమ ముందు తోసుకుపోతాయి, రిజర్వాయర్ మూత తెరిచే ఉండాలి. సీసా దించే ముందు వాల్వు మూయకపోతే పోసినదంతా వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా, పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టర్‌కు రెడీమేడ్ జంపర్ ప్లగ్గు (మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసేది) పెట్టి పంపును మాత్రమే నడపండి. రిజర్వాయర్ ఖాళీ అయ్యేలోపు ఆపి మళ్లీ నింపండి. డీ5 బేరింగుకు నీళ్లే నూనె, పొడిగా నడిస్తే అరిగిపోతుంది.

నింపకముందే గాలితో లీకు పరీక్ష చెయ్యాలి. 0.5 బార్ పీడనం ఎక్కించి అరగంట చూడండి. ఏసీ గదిలో ఉష్ణోగ్రత 3 డిగ్రీలు తగ్గినా పీడనం చూపే గేజు ముల్లు 0.015 బార్ దిగుతుంది, అది లీకు కాదు. అంతకు మించి దిగుతూ పోతే మాత్రం ఒక్కో జాయింటుకు సబ్బు నీళ్లు రాసి బుడగ కోసం వెతకండి.

వాల్వు మూసినా ప్లగ్గు తియ్యొద్దు. పిడికి చెయ్యి తగిలినా, దుమ్ము తుడుస్తుంటే కదిలినా నీళ్లను ఆపేది అదొక్కటే. నీళ్లు తీయడానికి ఆ ప్లగ్గు విప్పేటప్పుడు మాత్రం కింద గుడ్డ పెట్టుకోండి, వాల్వు బంతి వెనకాల ఇరుక్కున్న కొద్దిపాటి నీళ్లు ఎప్పుడూ కారతాయి.