ముందోలు వెనక్కి రాకపోతే

పసిపిల్లాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే పెద్దావిడ ముక్కు నిమురుతుంది, తల గుండ్రంగా రావాలని అరచేత్తో అదుముతుంది. కొన్ని ఇళ్లలో ఇంకో పని కూడా చేస్తారు. శిశ్నం చివర నాలుగు చుక్కల నూనె వేసి ముందోలును, అంటే దాని చివరను కప్పి ఉండే చర్మాన్ని, వెనక్కి లాగుతారు. ఇప్పటి నుంచే లాగకపోతే అతుక్కుపోతుందని భయం. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ చేతుల్లో ఉన్నది ప్రేమే, సందేహం లేదు. కానీ ఆ పని చేయకూడదు.

ముందోలు తర్వాతెప్పుడో అతుక్కుపోయేది కాదు, అతుక్కునే పుడుతుంది. తల్లి కడుపులో ముందోలు లోపలి పొర, దాని కింది శిశ్నాగ్రం కలిసే పెరుగుతాయి. గోరును దాని కింది చర్మం పట్టుకుని ఉన్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పుట్టాక ఏళ్ల తరబడి మధ్యలోని కణాలు రాలుతూ వాటంతటవే విడిపోతాయి. రాలిన కణాలు చర్మం కింద తెల్లటి చిన్న ముత్యాల్లా పోగుపడితే చీము పట్టిందని తల్లిదండ్రులు హడలిపోతారు. ఎరుపు, నొప్పి, జ్వరం లేకపోతే అది చీము కాదు, పొరలు విడిపోతున్నాయనడానికి గుర్తు.

ఇంగ్లండులో డగ్లస్ గైర్డ్‌నర్ అనే పిల్లల వైద్యుడు 1949లో దీన్ని లెక్క కట్టి చూపించారు. పుట్టినప్పుడు ముందోలు పూర్తిగా వెనక్కి వచ్చేది 100 మందిలో నలుగురికే. డెన్మార్క్‌లో బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించిన యాకోబ్ ఓస్టర్ 1968లో మరో సంగతి తేల్చారు. 6-7 ఏళ్ల వాళ్లలో 8 శాతం మందికి ముందోలు బిగుతుగా ఉంటే, 16-17 ఏళ్లకు అది ఒక్క శాతానికి దిగింది. కత్తి అక్కర్లేకుండా వయసే ఇంత పని చేసింది. అందుకే మూడేళ్ల పిల్లవాడికి ముందోలు రావడం లేదని ఆపరేషన్‌కు తొందరపడటం నాకు అన్యాయంగా తోస్తుంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బినా, నొప్పి లేకుండా ధార సరిగా వస్తుంటే కంగారు పడక్కర్లేదు.

ఈ బిగుతును వైద్యులు ఫైమోసిస్ అంటారు. గ్రీకులో ఆ మాటకు మూతి బిగించడం అని అర్థం, మనం ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు. సహజమైన బిగుతుకూ జబ్బుకూ తేడా డాక్టరు చూడగానే చెప్పగలరు. మెల్లగా వెనక్కి జరిపితే, ఆరోగ్యంగా ఉన్న చర్మం మొగ్గ విచ్చుకున్నట్టు తెరుచుకుని లోపలి గులాబీ రంగు పొర కనిపిస్తుంది. జబ్బు అయితే అంచున తెల్లగా, గట్టిగా, రబ్బరు ఉంగరం లాంటి మచ్చ కనిపిస్తుంది. లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి ఇలా చేస్తుంది. బలవంతంగా లాగినప్పుడు పడ్డ చీలికలు మానుతూ మచ్చ కట్టినా ఇదే గతి. లేని జబ్బును నూనె చేతులు తెచ్చిపెట్టగలవన్నమాట.

చికిత్స అవసరమైనప్పుడు మొదటిది ఆపరేషన్ కాదు, పూతమందు. 0.05 శాతం బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్‌ను రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాయమంటారు. ఇది వాపును తగ్గించి, చర్మాన్ని కాస్త పలచన చేసి, సాగే గుణం పెంచుతుంది. చాలామందికి దీనితోనే సరిపోతుంది. కిటుకంతా రాయడంలో ఉంది. చర్మాన్ని నొప్పి లేనంత వరకే వెనక్కి జరిపి, ఎక్కడ బిగుసుకుందో ఆ ఉంగరం మీదే పలచగా రాయాలి. పైపైన రాసేసి మందు పని చేయలేదనుకునేవాళ్లున్నారు. మందుల షాపులో అడిగితే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన దురద క్రీములు మాత్రం దీనికి వద్దు.

పెద్దవాళ్ల సంగతి వేరు. ఇన్నేళ్లూ చక్కగా వెనక్కి వచ్చిన ముందోలు నలభై, యాభై ఏళ్ల వయసులో బిగుసుకుని, అంచున సన్నటి పగుళ్లు పడి మండుతుంటే ముందు రక్తంలో చక్కెర చూపించుకోవాలి. మూత్రంలో చక్కెర ఉంటే శిలీంధ్రాలు పెరుగుతాయి, చర్మం పగిలి, మాని, మళ్లీ పగిలి మచ్చ కడుతుంది. మధుమేహం ఉన్నట్టు కొందరికి ఇలాగే మొదటిసారి తెలుస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మధుమేహం మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపే పని చేస్తాయి కాబట్టి వాటితోనూ ఈ ఇబ్బంది రావచ్చు. సొంతంగా మానేయకుండా, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

ఒక్క సందర్భంలో మాత్రం గంటలు లెక్క. వెనక్కి వెళ్లిన ముందోలు మళ్లీ ముందుకు రాకుండా ఇరుక్కుపోతే, ఆ ఉంగరం శిశ్నాగ్రాన్ని దారం చుట్టినట్టు నొక్కేస్తుంది, రక్తం తిరగక వాపు పెరుగుతుంది. మంచాన ఉన్న పెద్దాయనకు మూత్రం గొట్టం వేసి, చర్మాన్ని తిరిగి ముందుకు తేవడం మరిచిపోతే ఇలా జరుగుతుంది. ఇంట్లో సేవ చేసేవాళ్లు శుభ్రం చేశాక చర్మం ముందుకు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఆసుపత్రికి త్వరగా వెళ్తే డాక్టరు కొన్ని నిమిషాలు గట్టిగా పట్టుకుని వాపును అదిమి, బొటనవేళ్లతో శిశ్నాగ్రాన్ని లోపలికి నెట్టి, చర్మాన్ని ముందుకు తెచ్చి సరిచేస్తారు. కుదరకపోతే చిన్న కోత పెడతారు.

పూతమందుకు లొంగకపోతే ఆపరేషన్. ముందోలు ఉంచుకోవాలనుకునేవాళ్లకు ప్రిప్యూషియోప్లాస్టీ ఉంది. బిగుతు ఉన్నచోట నిలువుగా కోసి అడ్డంగా కుడతారు. దర్జీకి చెబితే వెంటనే అర్థమవుతుంది: పొడవు కాస్త తగ్గి చుట్టుకొలత పెరుగుతుంది. మచ్చ బాగా ముదిరితే సున్తీయే మేలు. మతాచారంగానే ఆ మాట విన్నవాళ్లు వెనకాడతారు గానీ ఇక్కడ అది కేవలం వైద్యం. స్టేప్లర్ అనీ లేజర్ అనీ ప్రకటనలు కనిపిస్తాయి. పరికరం ఏదైనా తీసేది ఆ చర్మాన్నే, గాయం పూర్తిగా మానడానికి వారాలు పట్టేదీ నిజమే.

తీసిన చర్మాన్ని చాలాసార్లు పరీక్షకు పంపుతారు. ఏళ్ల తరబడి బిగుసుకుని ఉన్న ముందోలు శిశ్న క్యాన్సర్ ముప్పును పెంచుతుంది, పైగా పుండునో గడ్డనో తన వెనక దాచేస్తుంది. పెద్ద వయసులో దుర్వాసనతో స్రావం, రక్తం, చేతికి తగిలే గట్టి బుడిపె ఉంటే ఏ యూరాలజిస్టూ పూతమందు ఇచ్చి రెండు నెలలు ఆగమనరు. చర్మం తెరిచి కింద ఏముందో చూస్తారు.