ఎస్‌ఎన్‌1లో స్టెప్పులు రెండెందుకు? ఒక పేరు వెనకున్న నలభై ఏండ్ల కథ

పోయిన నెల హనుమకొండలో సెకండియర్ పిల్లలకు హేలోఆల్కేన్లు (కార్బన్‌కు క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ లాంటి హేలోజన్ ఉన్న పదార్థాలు) చెప్తుంటే, పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, ఎస్‌ఎన్‌1లో స్టెప్పులు రెండు, ఎస్‌ఎన్‌2లో స్టెప్పు ఒక్కటే, మరి పేర్లు ఉల్టా పెట్టిర్రా?" అని అడిగింది. ఎస్‌ఎన్ అంటే కార్బన్‌కున్న హేలోజన్ లాంటిది పోయి దాని జాగల ఇంకోటి వచ్చే చర్య, అది జరిగే రెండు దారులే ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2. క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్లలో చాలామందికి జవాబు తెలియదని నాకు తెలుసు, ఎందుకంటే మేం చెప్పే పద్ధతే అట్లుంది, బోర్డు మధ్యల ఒక గీత, ఎడమ దిక్కు ఎస్‌ఎన్‌1, కుడి దిక్కు ఎస్‌ఎన్‌2, ప్రైమరీ అయితే ఇది, టెర్షియరీ అయితే అది, విలోమం, రెసిమీకరణం, ప్రోటిక్, ఎప్రోటిక్, అయిపోయింది, రేపు స్లిప్ టెస్ట్. ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, బిట్ పెట్టనీకి అది చాలు. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఎంత మంచిదంటే దానికి సరైన జవాబు చెప్పాలంటే 1896 దాకా వెనక్కి పోవాలి, అందుకే ఇది రాస్తున్న.

చర్యలు మాత్రం అంతకుముందే తెలుసు. 1850లో లండన్‌లో విలియమ్సన్ ఇథైల్ అయోడైడ్‌ని పొటాషియం ఇథాక్సైడ్‌తో కలిపి, ఇంకా పెద్ద ఆల్కహాల్ వస్తదనుకుంటే ఈథర్ వచ్చింది, ఇయ్యాళ మనం విలియమ్సన్ సంశ్లేషణ అని రాసేది అదే. అదే కాలంల హాఫ్‌మన్ ఆల్కైల్ హేలైడ్లకు అమ్మోనియా కలిపి అమీన్లు చేసిండు. హేలోజన్ పోయింది, దాని జాగలోకి ఇంకోటి వచ్చింది, అంతవరకే తెలుసు. ఎటు నుంచి వచ్చింది అని అడగనీకి అప్పటికి కార్బన్‌కు ఒక ఆకారమే లేదు. 1874లో వాంట్ హాఫ్, లెబెల్ ఎవరికి వాళ్లు కార్బన్ నాలుగు చేతులు టెట్రాహెడ్రన్ మూలల దిక్కు చాపి ఉంటయని చెప్పినంకనే కుడిచేయి ఎడమచేయి లాంటి అణువుల సంగతి అర్థమైంది. అట్ల రెండు రకాల అణువులు ఉంటయని 1848లోనే పాశ్చర్ పట్టిండు, మన చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆసిడ్ లవణాల స్ఫటికాలను ఒక్కొక్కటి ఏరి వేరుచేసి.

ఈ కుడి ఎడమలను చూసే పరికరం పోలారిమీటర్. కాకతీయ యూనివర్సిటీల ఎంఎస్సీ ప్రాక్టికల్స్ చేసేటప్పుడు మొదటిసారి దాంట్లకు కన్ను పెట్టిన. చీకటి రూమ్, సోడియం దీపం పసుపు వెలుగు, గొట్టంలో చక్కెర నీళ్లు, కంటి ముందర గుండ్రటి బిళ్ల రెండు సగాలుగా కనిపిస్తది, ఒక సగం మసక, ఒక సగం వెలుగు. పిడి మెల్లగ తిప్పుతూ పోతే ఒక చోట రెండు సగాలు ఒక్క తీరుగ మసకబడుతయ్, అక్కడ డిగ్రీలు చదవాలి. గొట్టంలో చిన్న గాలి బుడగ ఉన్నా రీడింగ్ పాడైపోతది. వెలుగు కుడికి తిరిగితే ప్లస్, ఎడమకు తిరిగితే మైనస్. ఇంత సాదా పరికరంతోనే ఈ కథంతా నడిచింది, ఇది గుర్తుపెట్టుకోండి.

రీగాలో పనిచేసే పాల్ వాల్డెన్ 1896లో మాలిక్ ఆసిడ్ తీసుకున్నడు, పుల్లటి యాపిల్ పండ్లలో ఉండేది, మైనస్ రకం. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో దాని ఓహెచ్ తీసేసి క్లోరిన్ పెట్టిండు, ప్లస్ క్లోరోసక్సినిక్ ఆసిడ్ వచ్చింది. దానికి తడి సిల్వర్ ఆక్సైడ్ కలిపి క్లోరిన్ తీసి మళ్లీ ఓహెచ్ పెట్టిండు. ఎక్కడి నుంచి తీసిండో అక్కడే పెట్టిండు కదా, పాత మాలిక్ ఆసిడే రావాలె. వచ్చింది మాలిక్ ఆసిడే, కానీ ప్లస్! ఎడమచేయి కుడిచేయి అయిపోయింది. అదే క్లోరోసక్సినిక్ ఆసిడ్‌కు సిల్వర్ ఆక్సైడ్ బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపితే పాత మైనస్ రకమే వచ్చింది. ఎమిల్ ఫిషర్ అంతటోడు దీన్ని పాశ్చర్ తర్వాత ఈ రంగంలో ఇంత ఆశ్చర్యపెట్టిన సంగతి లేదని మెచ్చుకున్నడు. వాల్డెన్ విలోమం అన్న పేరు అక్కడి నుంచే.

ఇక్కడ పిల్లలు ఎప్పుడూ జారిపడే చోటు ఒకటుంది, పెద్దపెద్ద కెమిస్టులు కూడా ఇరవై ఏండ్లకు పైగా ఇక్కడే కొట్టుకున్నరు. మైనస్ మాలిక్ నుంచి ప్లస్ క్లోరో వచ్చిందంటే ఆ స్టెప్పులో అణువు ఉల్టా అయినట్టేనా? చెప్పలేం. క్లోరోసక్సినిక్ వేరే పదార్థం, దాని గుర్తు దానిది, రెండు వేరే పదార్థాల ప్లస్ మైనస్‌లను పోల్చి ఆకారం సంగతి తేల్చలేం. మొత్తం చక్రం తిరిగేసరికి ఎక్కడో ఒక చోట ఉల్టా అయిందన్నది ఖాయం, కానీ ఏ స్టెప్పులో? దారిలో ఎక్కడో సంచి మారింది, ఏ స్టాప్‌లో మారిందో తెలియదు, అట్లుండె వాళ్ల పని.

దీన్ని విప్పింది 1923లో లండన్ బాటర్సీ పాలిటెక్నిక్‌లో పనిచేసిన ఫిలిప్స్, కెన్యన్. నా లెక్కల మన టెక్స్ట్‌బుక్కులో వీళ్లకు ఒక పేజీ ఇయ్యాలె, అంత సాఫుగ ఉంటది వాళ్ల ఆలోచన. ఒక ఆల్కహాల్ తీసుకున్నరు, దాని భ్రమణం, అంటే వెలుగును తిప్పే కొలత, ప్లస్ 33 డిగ్రీలు. మొదలు దాన్ని టోసైలేట్‌గా (సులువుగ ఊడిపోయే గ్రూప్ తగిలించిన రూపం) మార్చిర్రు, ఇందులో తెగేది ఓ-హెచ్ బంధం, కిరాల్ కార్బన్ (కుడి ఎడమ తేడా ఏ కార్బన్ వల్ల వస్తదో అది) జోలికి ఎవరూ పోరు. తర్వాత ఎసిటేట్ అయాన్‌తో టోసైలేట్‌ను వెళ్లగొట్టిర్రు, ఇందులో కార్బన్-ఆక్సిజన్ బంధం తెగుతది. చివరికి ఎస్టర్‌ను జలవిశ్లేషణ చేసి మళ్లీ ఆల్కహాల్ తెచ్చిర్రు, ఇందులో కూడా కిరాల్ కార్బన్ బంధం తెగది. చూస్తే భ్రమణం దాదాపు మైనస్ 33. మూడు స్టెప్పులలో రెండింటికి ఆ కార్బన్‌ను ముట్టే అవకాశమే లేదు, ఇగ దొంగ నడిమి స్టెప్పే. న్యూక్లియోఫైల్ (కొత్తగ వచ్చి కార్బన్‌ను పట్టుకునేది) వచ్చి లీవింగ్ గ్రూప్‌ను (ఊడిపోయేదాన్ని) నెట్టే స్టెప్పులోనే అణువు ఉల్టా అవుతుందని తేలింది.

ఇగ రెండో దారం వేగాలది. 1930లో ఇంగోల్డ్ లీడ్స్ నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీకి వచ్చిండు, వేల్స్‌లో రైతు కుటుంబంలో పుట్టిన ఎడ్వర్డ్ హ్యూస్ కూడా అదే ఏడు అక్కడ చేరిండు. న్యూక్లియోఫైల్, ఎలక్ట్రోఫైల్ అన్న మాటలు వాడుకలోకి తెచ్చింది ఈ ఇంగోల్డే, ఈ కుడి ఎడమ ఆకారాలకు మనం ఆర్, ఎస్ అని రాసే పద్ధతిలో కాన్, ఇంగోల్డ్, ప్రెలాగ్ అని వచ్చేది కూడా ఇదే ఇంగోల్డ్. వీళ్లిద్దరు ఆల్కైల్ బ్రోమైడ్లకు క్షారం కలిపి వేగాలు కొలిచిర్రు. మిథైల్ బ్రోమైడ్ దగ్గర క్షారం రెట్టింపు చేస్తే వేగం కూడా రెట్టింపైంది. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ దగ్గర క్షారం ఎంత పోసినా వేగం కదల్లేదు. ఇంకో విచిత్రం, బ్రోమిన్ ఉన్న కార్బన్‌కు పక్క కార్బన్లు ఒక్కొక్కటి పెరిగేటట్టు మిథైల్ నుంచి ఇథైల్‌కు, ఇథైల్ నుంచి ఐసోప్రొపైల్‌కు పోతుంటే వేగం పడిపోతూ పోతూ, టెర్షియరీ దగ్గరికి రాంగనే మళ్లీ లేచింది. ఒక్కటే దారి అయితే గ్రాఫ్ ఇట్ల కిందికి పోయి పైకి రాదు. దారులు రెండున్నయ్ అని వాళ్లు చెప్పింది దీన్ని చూసే.

ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఇక్కడున్నది. వాళ్ల దగ్గర అప్పుడు ఉన్నది వేగం కొలతలే, స్టెప్పులను కంటితో చూసినోడు ఎవడూ లేడు. అందుకే పేరులో పెట్టిన అంకె, వేగాన్ని నిర్ణయించే నెమ్మది స్టెప్పులో ఎన్ని అణువులు పాల్గొంటయో ఆ లెక్క. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో నెమ్మదిగ జరిగేది బ్రోమైడ్ తనంతట తాను విడిపోవుడు, ఆ స్టెప్పులో ఉన్నది ఒక్క అణువు, కాబట్టి 1. తర్వాత కార్బోకాటయాన్‌ను, అంటే బ్రోమైడ్ పోయినంక ప్లస్ చార్జితో మిగిలిన ముక్కను, న్యూక్లియోఫైల్ పట్టుకునే రెండో స్టెప్పు టపీమని అయిపోతది, వేగం లెక్కలోకి రాదు. మిథైల్ బ్రోమైడ్‌లో ఉన్న ఒక్క స్టెప్పులోనే ఇద్దరూ ఉంటరు, కాబట్టి 2. కాజీపేట జంక్షన్‌ల టికెట్ కౌంటర్ దగ్గర గంట లైన్ల నిలబడి, తర్వాత ప్లాట్‌ఫాం మీదికి రెండు నిమిషాల్లో పోయినట్టు, ఎంత టైం పట్టిందో చెప్పేది లైనే.

అయినా ఒక అనుమానం మిగిలింది. ఎస్‌ఎన్‌2లో ప్రతి అణువూ, ప్రతిసారీ ఉల్టా అయితదని గ్యారంటీ ఏంది? దీనికి 1935లో హ్యూస్, ఆయన తోటివాళ్లు చేసిన ప్రయోగం చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తది. 2-అయడోఆక్టేన్ తీసుకున్నరు, ఒకే చేతిది. ఎసిటోన్‌లో సోడియం అయోడైడ్ కలిపిర్రు. అయోడిన్ పోయి అయోడినే వస్తది, పదార్థం మారదు, కాబట్టి గుర్తుల గోలే లేదు! మరి మార్పిడి జరిగిందని ఎట్ల తెలుసుడు? కలిపిన అయోడైడ్ రేడియోధార్మికమైనది. న్యూట్రాన్లతో కొట్టి ఇట్లాంటివి చేయొచ్చని ఫెర్మీ చూపించింది అంతకుముందు ఏడే, 1934లో. ఆ అయోడిన్-128 అర్ధాయువు 25 నిమిషాలు, చేతిలో పట్టుకొని ఉరుకులాటే. రేడియోధార్మికత ఎంత అయడోఆక్టేన్‌లోకి ఎక్కిందో కొలిస్తే మార్పిడి వేగం తెలుస్తది, పోలారిమీటర్‌లో భ్రమణం ఎంత పడిపోయిందో చూస్తే రెసిమీకరణం (కుడి, ఎడమ రకాలు సగం సగం కలిసిపోవుడు) వేగం తెలుస్తది.

లెక్క చూడండి. కాజీపేట ప్లాట్‌ఫాం మీద 100 మంది అందరూ సికింద్రాబాద్ దిక్కు ముఖం పెట్టి నిలబడ్డరు, అందులో 10 మంది బల్లార్షా దిక్కు తిరిగిర్రు. ఇటు 90, అటు 10, ఒకదాన్నొకటి కొట్టేస్తే మిగిలేది 80. పది మంది తిరిగితే ఇరవై తగ్గింది. అదే మార్పిడైన పది మందిలో సగం మందే తిరిగితే మిగిలేది 90, ఎవరూ తిరగకపోతే 100కు 100. కాబట్టి ప్రతి మార్పిడికీ అణువు ఉల్టా అయితే రెసిమీకరణం వేగం మార్పిడి వేగానికి సరిగ్గ రెండింతలు ఉండాలె. కొలిస్తే, ప్రయోగంలో తప్పే తప్పుల లోపల, రెండింతలే వచ్చింది. గాలికి గొడుగు ఉల్టా అయిన బొమ్మ మన పుస్తకంలో చూసి దాటిపోతం, ఆ బొమ్మ కింద ఈ లెక్క ఉన్నది.

రెండేండ్లకు వాల్డెన్ సిల్వర్ ఆక్సైడ్ చిక్కు కూడా విడిపించిర్రు. అక్కడ అదే అణువులో పక్కనున్న కార్బాక్సిలేట్ (ఆసిడ్ గ్రూప్) ముందే వెనక నుంచి కార్బన్‌ను పట్టుకుంటది, ఒకసారి ఉల్టా, తర్వాత నీళ్లు వచ్చి దాన్ని తోసేస్తయ్, ఇంకోసారి ఉల్టా. రెండుసార్లు ఉల్టా అయితే మళ్లీ సీదా. 1896లో అందరినీ తికమక పెట్టిన ఆ చక్రంలో అసలు విలోమం ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ దగ్గర జరిగింది.

అందరూ వెంటనే ఒప్పుకున్నరని కాదు, కార్బోకాటయాన్ అన్న మాటనే చాలామంది నమ్మలేదు. 1939లో బార్ట్‌లెట్, నాక్స్ పంజరం లాంటి అణువు ఒకటి చేసిర్రు, క్లోరిన్ మూల మీది కార్బన్‌కు ఉంటది. వెనక నుంచి పోనీకి పంజరం అడ్డం, కార్బోకాటయాన్ అయితామంటే కార్బన్ చదునుగ కావాలె, ఆ మూల చదునుగ కాలేదు. క్షారంతో గంటలకొద్దీ మరిగించినా, సిల్వర్ నైట్రేట్ పోసినా క్లోరిన్ కదల్లేదు, రెండు దారులూ ఒక్క అణువులో మూసుకపోయినయ్. తర్వాత ఓలా అతి బలమైన ఆసిడ్లలో కార్బోకాటయాన్లను నిలబెట్టి ఎన్‌ఎంఆర్ అనే, అణువుల నిర్మాణం చూపే పరికరంలో చూపించిండు, 1994లో నోబెల్ వచ్చింది. చదునైన కార్బోకాటయాన్‌ను రెండు దిక్కుల నుంచీ పట్టుకోవచ్చు కాబట్టి ఎస్‌ఎన్‌1లో కుడి ఎడమ రకాలు సగం సగం రావాలని మేం రాయిస్తం గని, నిజంగ చేస్తే చాలాసార్లు ఉల్టా రకం కొంచెం ఎక్కువ వస్తది, పోయే గ్రూప్ ఇంకా అక్కడే నిలబడి ముందర దిక్కు అడ్డం ఉంటది కాబట్టి. విన్‌స్టీన్ ఈ అయాన్ జంటల మీదనే ఏండ్లకేండ్లు పనిచేసిండు.

మరుసటి రోజు ఆ అమ్మాయికి ఇదంతా చెప్పిన, ఒక పీరియడ్ మొత్తం పోయింది, సిలబస్ వెనకబడ్డది. అంతా విని, "అయితే ఇప్పుడు మొత్తం తెలిసిపోయిందా సార్?" అన్నది. 2008 సంగతి చెప్పిన, బిడ్డా ఇది విను అని. జర్మనీలో ఫ్రైబర్గ్ వాళ్లు క్లోరైడ్ అయాన్‌ను మిథైల్ అయోడైడ్ మీదికి వాయుస్థితిలో కొట్టి చూసిర్రు, అన్నీ వెనక నుంచి సక్కగ పోలేదు. వేగంగ కొట్టినప్పుడు కొన్నిసార్లు క్లోరైడ్ తగిలి అణువు మొత్తం ఒక చుట్టు గిర్రున తిరిగింది, ఆ తర్వాతనే అయోడిన్ పోయింది.