రురుడి చేతికర్ర

మూలాపేట, నెల్లూరు.

చిరంజీవులైన పిల్లకాయలకు మీ అవ్వ ఆశీస్సులు.

పెద్దమ్మాయీ, మొన్న ఫోన్లో నువ్వడిగావే, "మన కథల్లో ఇష్టమైన మనిషి పోతే అందరూ అడవికే పోతారెందుకవ్వా? అన్నీ వదిలేయడమేనా మందు?" అని. అప్పుడు పొయ్యి మీద పులుసు మరుగుతా ఉంటే ఏదో ఒకటి చెప్పేశా. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. తమ్ముడిక్కూడా చదివి వినిపించు. వాడికి సంబంధించిన మాటొకటి మధ్యలో ఉంది.

భారతంలో పాండవుల కథ మొదలవకముందే ఒక కథల గొలుసుంది. నన్నయగారి ఆదిపర్వం తెరిస్తే మొదట్లోనే తగులుతుంది. చాలామంది దాన్ని దాటేసి లక్క ఇంటికీ ద్రౌపది స్వయంవరానికీ పరుగెత్తుతారు. నాకు మటుకు అదే ఇష్టం.

ప్రమద్వర అనే పిల్ల మేనకకూ విశ్వావసువనే గంధర్వుడికీ పుట్టింది. తల్లి వదిలేసి పోతే స్థూలకేశుడనే ముని ఎత్తుకొచ్చి సాకాడు. భృగువంశంలోని రురుడు ఆమెను చూసి మనసు పడ్డాడు. పెద్దలు ఒప్పుకున్నారు, ముహూర్తం పెట్టారు. ఇంకొన్నాళ్లకు పెళ్లనంగా స్నేహితురాళ్లతో ఆడుకుంటా ఆ పిల్ల నిద్రపోతున్న పామును తొక్కింది. అంతే.

రురుడు అడవికే పోయాడు. కానీ తపస్సుకు కాదు, నలుగురి మధ్యలో ఏడవలేక. "నేను చేసిన దానం, తపస్సు, గురుసేవ నిజమైతే ఆమె లేవాలి" అని గట్టిగా ఏడ్చాడు. దేవదూత వచ్చి, ఆయువు తీరినవాళ్లు తిరిగిరారు నాయనా, ఒక్కటే దారి, నీ ఆయువులో సగమియ్యి అన్నాడు. రురుడు ఇంకో మాట లేకుండా ఇచ్చేశాడు. ఆమె నిద్ర లేచినట్టు లేచింది. పెళ్లయింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. వ్యాసుడు అక్కడ ఆపలేదు. మనిషి తిరిగొచ్చింది గానీ రురుడి కోపం పోలేదు. కర్ర చేతబట్టుకుని కనిపించిన పామునల్లా చంపడం మొదలుపెట్టాడు. ఒకరోజు అడవిలో ముసలి డుండుభం కనిపించింది. అది విషం లేని పాము, మన సర్వేపల్లి కాలవలో తిరిగే నీరుకట్టె లాంటిది. (చిన్నోడా, పోయిన సంక్రాంతికి నువ్వూ మీ మామ కొడుకూ రాళ్లేసి కొట్టింది అట్టాంటిదాన్నే.) కర్ర ఎత్తేసరికి ఆ పాము, "నేను నీకేం చేశాను?" అనడిగింది. "నా ప్రాణం లాంటి మనిషిని పాము కరిచింది, పామన్నది కనిపిస్తే వదలను" అన్నాడు రురుడు. "మనుషుల్ని కరిచేవి వేరే పాములు" అంది అది.

ఆ డుండుభం పూర్వం సహస్రపాదుడనే ఋషి. చిన్నప్పుడు ఎగతాళికి గడ్డితో పామును చేసి, అగ్నిహోత్రం దగ్గరున్న ఖగముడనే స్నేహితుణ్ణి బెదిరించాడు. అతను మూర్ఛపోయి, తెలివొచ్చాక, నువ్వూ సత్తువలేని పామువైపో అని శపించాడు. రురుడు కనిపించగానే ఆ శాపం తీరింది. పోయేముందు, ప్రాణుల్ని చంపకపోవడమే పరమధర్మమనీ, జనమేజయుడి సర్పయాగాన్ని ఒక పిల్లవాడు ఆపాడనీ చెప్పి మాయమైంది. రురుడు ఇంటికొచ్చి, ఆ పిల్లవాడి కథేంటని తండ్రి ప్రమతిని అడిగాడు. (రురుడెప్పుడు, జనమేజయుడెప్పుడు అని లెక్కలు తీయబాకండి. ఈ కథల్లో కాలం తిన్నగా నడవదు.)

చూడమ్మా, సగం ఆయువు ఇవ్వడానికి రురుడికి క్షణం పట్టలేదు. కర్ర దించడానికి మాత్రం ఎన్ని పాములు చచ్చాయో! ఇల్లూవాకిలీ వదిలినవాడి కన్నా కర్ర వదిలినవాడే నాకు పెద్ద త్యాగి.

ఇక జనమేజయుడు. పసివాడిగా ఉండగానే తండ్రి పరీక్షిత్తును తక్షకుడనే పాము కరిచాడు. పరీక్షిత్తు శమీకముని మెడలో చచ్చిన పామును వేసినందుకు, ఆ ముని కొడుకు శృంగి ఇచ్చిన శాపమది. జనమేజయుడు పెద్దయ్యాక ఉదంకుడనే ముని ఆ సంగతి కదిలించి రెచ్చగొట్టాడు. కుండలాలు ఎత్తుకుపోయాడని ఉదంకుడికి తక్షకుడి మీద సొంత పగ ఉంది లెండి. రురుడిది ఒక కర్ర. ఈయన రాజు గాబట్టి పాముజాతి మొత్తానికీ హోమగుండం తవ్వించాడు.

దాన్ని ఆపిన ఆస్తీకుడి తండ్రి జరత్కారువు పెళ్లే వద్దనుకున్న తపస్వి. పితృదేవతలు గోతిలో తలకిందులుగా గడ్డిదుబ్బు పట్టుకుని వేలాడుతుంటే, ఎలుక వేళ్లు కొరికేస్తుంటే చూశాడు. మిగిలిన ఒక్క వేరూ నువ్వే, నీకు పిల్లలు లేకపోతే మేం పడిపోతామన్నారు వాళ్లు. సరేనని, నాగరాజు వాసుకి చెల్లెల్ని చేసుకున్నాడు. ఆమె పేరూ జరత్కారువే. ఒకనాడు ఆమె ఒడిలో తలపెట్టి నిద్రపోతుంటే పొద్దు వాలింది. సంధ్య తప్పిపోతుందని ఆమె భయపడతా లేపింది. నేను లేవకుండా సూర్యుడు అస్తమిస్తాడా, నన్ను అవమానించావు అని వదిలేసి పోయాడు. అప్పటికి ఆమె గర్భవతి. ఎవరేమన్నా సరే, దాన్ని వైరాగ్యమంటే నేనొప్పుకోను. నువ్వడిగిన "వదిలేయడం"లో ఇట్టాంటిదీ ఉంటుంది, దీన్ని విడిగా పెట్టు.

తండ్రి ఎరగని ఆ కొడుకే యాగశాలకొచ్చి, రాజును మెప్పించి, వరంగా యాగం ఆపమన్నాడు. తండ్రిని పోగొట్టుకున్న జనమేజయుడు ఇచ్చేశాడు. ఒకడికి తండ్రిని పాము దూరం చేసింది, ఇంకొకడికి తండ్రి తనే దూరమయ్యాడు. ఇద్దరూ ఒక హోమగుండం దగ్గర కలిశారు. భారతమంతా వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పింది ఆ యాగంలోనే.

దాన్నే మళ్లీ నైమిశారణ్యంలో సూతుడు శౌనకుడికి చెప్పాడు. ఆ శౌనకుడి వంశానికి మూలమైన శునకుడు ఎవరనుకున్నారు? రురుడికీ ప్రమద్వరకూ పుట్టిన కొడుకు. ఆనాడు రురుడు సగం ఆయువు ఇవ్వకపోతే కథ వినడానికి శౌనకుడే లేడు.

ఇంకొకటి. సంస్కృత భారతం ఆశ్రమవాసికపర్వంలో, యుద్ధంలో చచ్చినవాళ్లను వ్యాసుడు ఒక రాత్రి గంగలోంచి రప్పించి చూపించిన ఘట్టం విని, నాకూ మా నాయన్ని చూపిస్తే నమ్ముతానన్నాడు జనమేజయుడు. వ్యాసుడు పరీక్షిత్తును అదే రూపంతో, అదే వయసుతో తెచ్చి నిలబెట్టాడు. ఆయనతో పాటు శమీకుడూ, శాపమిచ్చిన శృంగీ వచ్చారు. పగబట్టినవాడికి తండ్రితో పాటు శృంగిని కూడా చూపించిన ఆ కవికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

కొడుకులు గెలిచి, రాజ్యం చేతికొచ్చాక కుంతి అడవికి పోవడం వేరే సంగతి. మన నెల్లూరి తిక్కన సోమయాజి ఆశ్రమవాసపర్వం తీసి ఇంకోసారి చదివి దాని గురించి రాస్తా. ఈలోపు ఆమె ఎందుకు పోయుంటుందో మీకు తోచింది మీరు రాయండి.

మీ అవ్వ